షామియానా డానియేలు కుట్టిన పారాచూట్లు

శాలిబండలో షామియానా డానియేలు అంటే తెలియనివాళ్లు లేరు. కానీ ఆయన కుట్టిందేదో ఒక్కటి చూపించమంటే మాత్రం అందరూ నీళ్లు నమిలేవాళ్లే. ఎందుకంటే షామియానా కిందికి వచ్చినవాళ్లు పెండ్లికూతురి నగలు చూస్తారు, బిర్యానీ డేగిసా ఎటున్నదో చూస్తారు, గిట్టనివాళ్లు ఎవరెవరు వచ్చారో చూస్తారు. తలెత్తి పైకి మాత్రం చూడరు. ఎవరైనా చూశారంటే వాన చుక్క పడుతున్నదేమోనని చూసినట్టే. ఈ సంగతి మీద డానియేలుకు లోకం మొత్తంతో పేచీ ఉంది.

మనిషి పొట్టి. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది, చర్చికి పోయేటప్పుడు కూడా. ఒకసారి ప్రభురాత్రి భోజనం పుచ్చుకోవడానికి వంగితే టేపు జారి ద్రాక్షరసం గిన్నెలో పడబోయిందని ఆయన భార్య కళావతి ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. తండ్రి మిషన్ ఆస్పత్రిలో వార్డుబాయ్‌గా చేశాడు. కొడుకును కంచన్‌బాగ్‌లో ఏదైనా సర్కారు కార్ఖానాలో పెట్టించాలని ఆయన కోరిక. కొడుకు మాత్రం యాకూబ్ భాయ్ వాళ్ల టెంటు దుకాణంలో మిషిను చప్పుడు విని అక్కడే ఆగిపోయాడు. అరవై దాటినా అదే దుకాణం, అదే మిషిను. యాకూబ్ భాయ్ తండ్రి పోయి యాకూబ్ భాయ్ వచ్చాడు. అంతే మార్పు.

ఆ దుకాణానికి ఒక రివాజు ఉంది. కొత్త షామియానా మొదటిసారి లేచినప్పుడు దాని నట్టనడుమ కుర్చీ వేసి, కుట్టినవాడే ముందు కూర్చోవాలి. ఒక చాయ్ పూర్తిగా తాగాలి. ఆయన లేచేదాకా పెండ్లికొడుకైనా సరే బయట నిలబడాల్సిందే. యాకూబ్ భాయ్ తండ్రి పెట్టిన పద్ధతి అది. "పడితే ముందు నీ నెత్తి మీద పడాలె, మంది నెత్తి మీద గాదు" అనేవాడట. డానియేలు ఆ లెక్కన నిఖాల్లో, పెండ్లిళ్లలో, క్రిస్మస్ కూటాల్లో, ఎన్నికల సభల్లో అందరికన్నా ముందు కూర్చుని చాయ్ తాగాడు. తొందర పెట్టినవాళ్లు ఉంటే ఇంకొంచెం నిదానంగా తాగాడు. మొండి మనిషి మరి.

ఆ మొండితనమే ఇంట్లోకీ వచ్చింది. ఒక్కగానొక్క బిడ్డ వీణ మూడేళ్ల కిందట కొండల్ అనే అతన్ని రిజిస్ట్రారు ఆఫీసులో పెండ్లి చేసుకుని, సాయంత్రం దండలతో వచ్చి గడప ముందు నిలబడింది. కొండల్ హిందువుల పిల్లవాడు. సినిమాల్లో ఫైటరు. అంటే హీరో చేతి దెబ్బలు తిని అద్దాల మీదా బండ్ల మీదా పడే పని. డానియేలుకు కులం పట్టింపు లేదు, మతం పట్టింపు కూడా పైకి చెప్పుకున్నంత లేదు. ఆయన గుండెలో గుచ్చుకున్నది వేరే. ఊరందరి పెండ్లిళ్లకూ నీడ కుట్టినవాడి బిడ్డ, నీడే లేకుండా, గవర్నమెంటు ఫ్యాను కింద పెండ్లాడింది. "నేను పిల్లనియ్యలే. అది పోయింది" అన్నాడు. అని లోపలికి పోయి పడుకున్నాడు. అంతే, తలుపు మూసుకుపోయింది.

వీణ మాదన్నపేటలో కాపురం పెట్టింది. అప్పటినుంచి కళావతికి శాలిబండ కూరగాయలు నచ్చడం మానేశాయి. ఇంటి ముందుకే తోపుడుబండి వస్తుంది, నిగనిగలాడే వంకాయలు తెస్తుంది, అయినా ఆవిడ సంచి పట్టుకుని షేర్ ఆటో ఎక్కి మాదన్నపేట మార్కెట్‌కే పోతుంది. సగం పూట అక్కడే ఉంటుంది. అర కిలో బెండకాయలతో, ఏడ్చి తుడుచుకున్న కళ్లతో తిరిగొస్తుంది. డానియేలుకు తెలుసు. తెలుసని కళావతికీ తెలుసు. "ఇయ్యాల బెండకాయ మంచిగున్నదా?" అని అడుగుతాడు. "మంచిగనే ఉన్నది. జర చిక్కింది" అంటుంది ఆవిడ. ఆ మాట బెండకాయ గురించి కాదు. ఆ పూట అన్నం కొంచెం తక్కువ తింటాడు. బిడ్డను చూడాలని ఆయన ప్రాణం కొట్టుకుపోతున్నది, కానీ తానే మూసిన తలుపు తానే తీయడం ఆయనకు చేతకావడం లేదు. ఉన్న చిక్కంతా అదే.

అట్లాంటి రోజుల్లో దుకాణం ముందు తెల్ల కారు ఆగింది. అందులోంచి లక్ష్మీకాంత్ దిగాడు. గుంటూరు వైపు మనిషి, సినిమాకు సెట్టింగులు వేసే ఆఫీసులో పని. చేతిలో కాగితం చుట్ట, మొహం నిండా చెమట.

"డానియేలు గారంటే మీరేనాండీ? మాకు పారాచూట్లు కుట్టిపెట్టాలి. నిజంవి దొరకవు, దొరికినా ఇవ్వరు. పెద్ద గుడ్డ మీద మీ అంత నమ్మకంగా కుట్టేవాళ్లు లేరని అందరూ మీ పేరే చెప్పారు."

ఆ చివరి మాటతో డానియేలు కుర్చీ జరిపి వేశాడు. లక్ష్మీకాంత్ కథ చెప్పాడు. ఎప్పటిదో పెద్ద యుద్ధం. నది మీద వంతెనను పట్టుకోవాలని ఒక దండును విమానాల్లో ఎక్కించి పారాచూట్లతో దూకిస్తారు. గాలి మళ్లుతుంది, లెక్క తప్పుతుంది, దండంతా వంతెన దగ్గర కాకుండా నది అవతల శత్రువు ఒళ్లో పోయి పడుతుంది. చెట్లకు చిక్కుకుని వేలాడేవాళ్లు వేలాడుతుంటారు, నీళ్లలో పోయేవాళ్లు పోతారు. వెనక్కి వచ్చేది ఏ కొద్దిమందో.

డానియేలు ఆలోచించాడు. "అంటే ఓడిపోతరా సారు?"

"ఓడిపోతారండీ."

"ఓడిపోయే కథ ఎవరు చూస్తరు? టికెట్ కొనుక్కొని మరీ ఏడ్వాల్నా?"

"దూకినవాళ్ల తప్పేం లేదు కదండీ. పంపినవాళ్లది. అదే కథ."

ఆ మాట డానియేలుకు నచ్చింది. పైన కూర్చుని లెక్కలు వేసేవాళ్ల మీద ఆయనకు మొదటినుంచీ అనుమానమే. పని ఒప్పుకున్నాడు.

గుడ్డ వచ్చింది. పారాచూట్ గుడ్డ అంటే ఊరికే జారిపోయే రకం, మిషిను కింద చేపలా తప్పించుకుంటుంది. డానియేలు దాన్ని తర్బూజ ముక్కల్లాగా పొడుగ్గా కోసి, ముక్కకూ ముక్కకూ రెండు కుట్లు వేసి, అంచులకు తాళ్లు దూర్చాడు. యాకూబ్ భాయ్ దుకాణం ముందు గల్లీ అంతా తెల్లగుడ్డ పరుచుకుంది. దారిన పోయేవాళ్లు "ఏంది డానియేలన్నా, ఆకాశానికి లుంగీ కుడుతున్నవా?" అని ఆటపట్టించారు. ఆయన మాత్రం నలభై ఏండ్ల తర్వాత మొదటిసారి జనం తన పనిని నిలబడి చూస్తున్నారని లోలోపల పొంగిపోయాడు. రాత్రి కళావతికి చెప్పాడు, "ఈసారి తలెత్తి చూడక తప్పదు మందికి. ఆకాశంల ఉంటది గద!"

పొంగులో ఒక పొరపాటు జరిగిపోయింది. లక్ష్మీకాంత్ ఇచ్చిన బొమ్మలో పారాచూట్ నడినెత్తిన చిన్న వలయం గీసి ఉంది. అది గాలి పోయే రంధ్రం. కానీ షామియానా మనిషికి నడినెత్తిన వలయం కనిపిస్తే ఒక్కటే అర్థం. చాంద్! ప్రతి షామియానాకూ పై నడుమ గుండ్రంగా రెండు పొరల గుడ్డ వేసి, పువ్వులా కుట్టే ముద్ర అది. కుట్టినవాడి పనితనమంతా అందులోనే కనిపిస్తుంది. డానియేలు ఇష్టంగా, ఒక్కో పారాచూట్‌కూ రెండు పొరల చాంద్ వేసి, చుట్టూ వరసకుట్టు కుట్టాడు. నెత్తి మీద రంధ్రం వదలడమంటే ఆయన పనిలో పరువు తక్కువ. ఎవరైనా కావాలని రంధ్రం అడుగుతారని ఆయనకు కలలో కూడా తోచలేదు.

షూటింగు బాలాపూర్ అవతల రాళ్లగుట్టల నడుమ పెట్టారు. ఎండు చెట్లు తెచ్చి పాతి, పొగ పెట్టి, యుద్ధం తయారుచేశారు. డానియేలును కూడా రమ్మన్నారు, చిరిగితే అక్కడికక్కడ కుట్టడానికి. ఆయన చేతిమిషినును ఆటోలో వేసుకుని, ఉతికిన చొక్కాతో పోయాడు.

పద్ధతి ఏమిటంటే, క్రేను కొక్కెం నుంచి ఇనుప తీగ దిగి, పారాచూట్ నడినెత్తిలోంచి వచ్చి, మనిషి ఒంటికి కట్టిన బెల్టులకు తగులుతుంది. బరువంతా తీగ మీదే. పారాచూట్ సింగారానికే. పక్కనుంచి పెద్ద పంకా తిప్పితే గాలికి ఉబ్బి నిజంగా దిగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ పూట చాంద్ చూసి తెల్లబోయిన పనివాళ్లు, సమయం లేదని దానికి చిన్న చిల్లు పొడిచి తీగ దూర్చేశారు. ముందు మనిషికి బదులు ఇసుక బస్తా కట్టి పైకి లేపారు. పంకా తిరిగింది. పారాచూట్ ఉబ్బింది. లోపల చిక్కిన గాలికి పోయే దారి లేదు. ఒక్కసారి ఇటు, ఒక్కసారి అటు ఊగి, గిర్రున తిరిగి, బస్తా పోయి క్రేను ఇనుప చేతికి ధన్ మని కొట్టుకుంది. బస్తా పగిలి ఇసుకంతా కింద కురిసింది.

అందరూ నోళ్లు తెరిచారు. లక్ష్మీకాంత్ పరుగెత్తుకొచ్చాడు. "డానియేలు గారూ, ఇక్కడ రంధ్రం కదండీ ఉండాలి! బొమ్మలో గీశాను కదా!"

డానియేలు బొమ్మ చూశాడు, చాంద్ చూశాడు, ఇసుక చూశాడు.  "నేను చాంద్ అనుకున్న సారు" అన్నాడు మెల్లగా.  కత్తెర తీసుకుని, తాను కుట్టిన చాంద్‌ను తానే కుట్టు వెంబడి కోసి తీశాడు. అంచు మడిచి అక్కడే కూర్చుని మిషిను తిప్పాడు. మళ్లీ బస్తా కట్టి లేపారు. ఈసారి గాలి పైనుంచి సాఫీగా పోయింది. బస్తా కదలకుండా నిలబడింది.

"ఓకే. ఫైటర్‌ని పిలవండి" అని మైకులో కేకేశారు.

పొగలోంచి సైనికుడి బట్టల్లో ఒకడు నడిచొచ్చాడు. నెత్తిన ఇనుప టోపీ, మొహాన పూసిన మసి. ముందు డానియేలు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక చేతిలో కత్తెర జారి పడింది. వాడు కొండల్. బిడ్డను తీసుకుపోయినవాడు. చెట్టుకు చిక్కి, తూటా తగిలి, పారాచూట్ కింద వేలాడుతూ చచ్చిపోయే సైనికుడి వేషం వాడిదే.

కొండల్ కూడా చూశాడు. ఆగిపోయాడు. "నమస్తే మామా" అన్నాడు. మూడేళ్లుగా ఎక్కడ ఎదురుపడ్డా అదే మాట అనేవాడు, డానియేలు అదే రకంగా మొహం తిప్పుకుని పోయేవాడు. ఈసారి కూడా మొహం తిప్పుకున్నాడు. తిప్పుకున్న వైపే పగిలిన బస్తా పడి ఉంది. ఆ బస్తా జాగాలో వీడు ఉంటే? తన చాంద్ వల్ల, తన పొంగు వల్ల, వీణ ఈ పూట ఏమైపోయేది? 

కొండల్‌కు బెల్టులు కట్టబోతుంటే ఆయన అడ్డం వచ్చాడు.

"ఆగుండ్రి. ముందు నేను ఎక్కుత."

"ఏంటండీ?" అన్నాడు లక్ష్మీకాంత్.

"కొత్తది లేసినప్పుడు కుట్టినోడే ముందు దాని కింద ఉండాలె. మా దుకాణంల రివాజు. నేను ఎక్కినంకనే ఇంకెవలైనా."

"అది షామియానా అండీ! ఇది క్రేను! మీ వయసేంటి, ఇదేంటి?"

"ఏదైతేంది? నెత్తి మీద గుడ్డనే గద. నన్ను ఎక్కియ్యకుంటే దీన్ని కోస్త" అని కత్తెర ఎత్తి తన పారాచూట్‌కే గురిపెట్టాడు. కొండల్ "మామా, వద్దు, నాకు అలవాటే" అన్నాడు. ఎవరితోనో అన్నట్టు డానియేలు వినలేదు.

లొల్లి డైరెక్టరు దాకా పోయింది. ఆయన దూరం నుంచి చూసి, "ఎక్కించండి, ఎలాగూ లైటింగు చూసుకోవాలి. ఫైటర్‌ని అప్పటిదాకా అలసిపోనివ్వొద్దు" అన్నాడు. పెద్దవాళ్ల నిర్ణయాలు అట్లాగే ఉంటాయి.

తొడల కింది నుంచి, భుజాల మీది నుంచి బెల్టులు బిగించి డానియేలును లేపారు. కాళ్లు నేలను వదిలిన క్షణంలో ఆయనకు రివాజు మీద ఉన్న గౌరవం చాలావరకు పోయింది. "యేసయ్యా" అన్నాడు. ఒక చెప్పు జారి కింద పడింది. పంకా తిరిగింది, గుడ్డ ఉబ్బింది, ఆయన రెండంతస్తుల ఎత్తున, ఉతికిన చొక్కా, మెడలో టేపుతో, ఆకాశంలో నిలబడిపోయాడు. దూరంగా ఊరు కనిపించింది. అందులో మాదన్నపేట ఎటుందోనని కళ్లు వాటంతటవే వెతికాయి.

సరే, చూసుకున్నాడు, గట్టిగానే ఉంది. దింపమని చేయి ఊపాడు. కిందినుంచి మైకు అరిచింది. "పెద్దాయనా, కదలొద్దు! లైటు మస్తు పడుతోంది! అక్కడే ఉండండి!" ఆ డైరెక్టరు హైదరాబాదు చేరి 'మస్తు' ఒక్కటి నేర్చుకున్నట్టున్నాడు. లైట్ల స్టాండ్లు ఇటు జరిపారు, అటు జరిపారు. దింపే ఆలోచనే లేదు. గాలికి తిరగకుండా ఆయన నడుముకు ఒక పొడుగాటి తాడు కట్టి ఉంది. దాని రెండో కొస పట్టుకోమని, ఖాళీగా ఉన్నాడు కదా అని, కొండల్‌కు ఇచ్చారు.

డానియేలు మొహం తిప్పుకున్నాడు. ఒళ్లంతా తిరిగింది. కింద కొండల్ తాడు మెల్లగా లాగాడు, మళ్లీ ఎదురుగా వచ్చాడు. మళ్లీ తిప్పుకున్నాడు, మళ్లీ వచ్చాడు.

"ఏందిరా నీ గోల?" మూడేళ్లలో అల్లుడితో ఆయన అన్న మొదటి మాట ఇదే.

"నేనేం జెయ్యాలె మామా. లైటు ఇటున్నది. మొకం ఇటే ఉండాలంట."

అక్కడినుంచి లేచి పోదామంటే కాళ్ల కింద నేల లేదు. కొండల్‌కు ఆ సంగతి తెలిసినట్టుంది. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మామా, ఒక మాట జెప్పాలె. పెండ్లికి ముందు మీ దుకాణంకొచ్చిన. అడుగుదామని."

"అబద్ధం. నువ్వెప్పుడొచ్చినవ్?"

"వచ్చిన. మీరు కనాతు కోసం అడ్డంగ కట్టే గుడ్డ కోస్తున్నరు. నేను నోరు తెరిసేలోపే 'అరె, ఆ కొస పట్టు' అన్నరు. పట్టిన. పొద్దుమూకేదాక పట్టిన. మీరు దుకాణం బంద్ చేసుకొని పోయిండ్రు. తెల్లారి మల్ల వచ్చిన. మల్ల 'కొస పట్టు' అన్నరు."

డానియేలుకు గుర్తొచ్చింది. యాకూబ్ భాయ్ కొత్తగా పనిలో పెట్టుకున్న మనిషేమో అనుకున్నాడు తాను. ఎర్రచొక్కా పిల్లగాడు; చూపంతా గుడ్డ మీదే, మొహం చూసింది లేదు. గుడ్డ కొస పట్టుకోవడం చూస్తే చిన్న పనే గానీ, గంటల తరబడి జోలు పడకుండా, బిగువు సడలకుండా పట్టేవాడు పదిమందిలో ఒకడుండడు. ఆ రాత్రి అన్నం తింటూ కళావతితో మెచ్చుకుని మరీ చెప్పాడు, "మంచి పిల్లగాడొచ్చిండు, గుడ్డ పడితే ఇనుప కంబం లెక్క నిలబడ్డడు" అని. పప్పు వడ్డిస్తున్న వీణ గరిటె అక్కడే వదిలి వంటింట్లోకి పరుగెత్తింది. దగ్గు వచ్చిందని అనుకున్నాడు తాను. ఎంత గుడ్డివాణ్ని! సిగ్గేసింది, నవ్వు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి రావడం ఆయనకు కొత్త.

"నోరు లేదా నీకు? కొస ఇడిసి చెప్పొద్దా?"

"కొస ఇడిస్తే గుడ్డ పాడైతది గద మామా. పనిల ఉన్నప్పుడు మాట్లాడితే మీకు కోపమొస్తదని వీణ ముందే జెప్పింది."

అది అక్షరాలా నిజం.   డానియేలు గొంతు సవరించుకున్నాడు. అడగాలా వద్దా అని ఆఖరుసారి తనతో తాను కొట్లాడుకుని ఓడిపోయాడు.

"బిడ్డ ఎట్లున్నది?"

కొండల్ తల వంచుకున్నాడు. "మంచిగనే ఉన్నది. ఆటోల చార్మినార్ దిక్కు పోయేటప్పుడు శాలిబండ రాంగనే ఆపమంటది. దిగదు. మీ దుకాణం దిక్కు చూస్తది. మీరు మిషిను మీద వంగి ఉంటరు. మల్ల పోనియ్యమంటది. ప్రతిసారీ అంతే."

డానియేలు చేతులు రెండూ బెల్టులు పట్టుకుని ఉన్నాయి. కండ్లు తుడుచుకోవడానికి భుజం వైపు వంగాడు. "పెద్దాయనా, కదలొద్దన్నానా!" అని మైకు మళ్లీ అరిచింది. "నీ లైటు పాడుగాను" అన్నాడు డానియేలు ఆకాశంలోంచి, ముక్కు ఎగబీలుస్తూ.

దింపేసరికి కాళ్లు మొద్దుబారిపోయాయి. కొండల్ పట్టుకున్నాడు. వద్దనలేదు. కొండల్ పడిపోయిన చెప్పు తెచ్చి కాలికి తొడిగాడు. దానికీ వద్దనలేదు. బెల్టులు మాత్రం ఎవరినీ ముట్టనీయకుండా తానే కొండల్‌కు కట్టాడు. ప్రతి ముడీ లాగి చూశాడు, ప్రతి కుట్టూ గోరుతో గీరి చూశాడు. "ఊపిరాడుతున్నదా?" అన్నాడు. "ఆడుతున్నది మామా."  అల్లుడా అని ఒక్క పిలుపు పిలవాలని నాలుక చివరిదాకా వచ్చింది. మొండితనం దాన్ని అక్కడే తొక్కిపట్టింది.

షాట్ మొదలైంది. పొగ కమ్ముకుంది. పారాచూట్ తెల్లగా, నిండుగా ఉబ్బి, కొండల్‌ను ఎండుచెట్టు కొమ్మల నడుమకు దించింది. తాళ్లు కొమ్మలకు చుట్టుకున్నాయి. సైనికుడు విడిపించుకోవాలని గింజుకున్నాడు. గుట్ట వెనకనుంచి తుపాకి పేలింది. కొండల్ ఛాతీ మీద ఎర్రగా చిమ్మింది. ఒళ్లు ఒక్కసారి విల్లులా వంగి, తర్వాత చేతులు, తల, కాళ్లు అన్నీ వాలిపోయి, గాలికి ఊరికే ఊగడం మొదలుపెట్టింది. వాడు పనిమంతుడు. అక్కడున్న లైటుబాయ్‌లకు కూడా ఒళ్లు జలదరించింది.

అది రంగు అని డానియేలుకు తెలుసు. ఆ రంగు సంచిని చొక్కా కింద పెట్టడం తాను కళ్లారా చూశాడు కూడా. తుపాకిలో తూటా లేదనీ తెలుసు. కానీ ఆ తెలిసినదంతా ఆ పేలుడుతోనే ఎగిరిపోయింది. పగిలిన బస్తా ఒక్కటే కళ్ల ముందు ఉంది. కెమెరా ముందునుంచి, పొగలోంచి, ఒక చెప్పు వదిలేసి, టేపు ఎగురుతుండగా ఆ ముసలాయన చెట్టు కిందికి పరుగెత్తాడు.

"అల్లుడా! అరె, దించుండ్రి! పిల్లగాణ్ణి దించుండ్రి! అల్లుడా!"

"కట్! కట్!" పంకా ఆగింది. పారాచూట్ మెల్లగా కుంగి కొమ్మల మీద వాలింది. చచ్చిపోయిన సైనికుడు కళ్లు తెరిచి కిందికి చూశాడు. "మామా, నాకేం కాలే! బతికే ఉన్న! మామా, ఇగో చూడు!" అని చేతులు ఊపాడు. మసి మొహం మీద కన్నీళ్లు రెండు చారలు కట్టాయి. వాటిని ఆపుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

డైరెక్టరు మైకు పట్టుకుని లేచి నిలబడ్డాడు. మంచి షాటు పాడైంది, మళ్లీ రంగు సంచి కట్టాలి, మళ్లీ పొగ పెట్టాలి. ఆయన కోపం గుట్టలన్నింటికీ వినబడింది. "ఎవరండీ ఆ పెద్దాయన? ఫ్రేములోకి ఎలా వచ్చాడు? అసలు ఆ ఫైటర్‌కి ఈయన ఏమవుతాడు?"

లక్ష్మీకాంత్‌కు తెలియదు, ఈ ఊళ్లో ఎవరైనా ఎవరినైనా మామా అంటారని అనుకున్నాడు, నోరు వెళ్లబెట్టాడు. కొండల్‌కు తెలుసు గానీ చెప్పలేదు. ఆ మాట చెప్పే హక్కు తనకు ఉందో లేదో మూడేళ్లుగా వాడికి ఎవరూ చెప్పలేదు. అందరూ చెట్టు కింద నిలబడ్డ మనిషి వైపు చూశారు.

డానియేలు ఊపిరి పీల్చుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. గుట్ట అవతలికి కూడా వినపడేట్టు చెప్పాడు.

"నేనా? పిల్లనిచ్చిన మామను!"